తాళం పడిన గొంతు

రెండోసారి కూడా తెర మీద ఎర్ర అక్షరాలే వచ్చాయి. తాళం తెరుచుకోలేదు.

"కవర్లో ఉన్నది ఉన్నట్టే కొట్టావా?" నా భుజం మీదుగా తల పెట్టి అడిగింది డైరెక్టర్ మేడమ్.

"ఒక్కో అక్షరం మీరు చదివారు, నేను కొట్టాను."

"అంటే నేను తప్పు చదివాననా?"

"కాదు మేడమ్. తాళంచెవే తప్పంటున్నాను. ఇంకొక్క అవకాశం ఉంది. మూడోసారీ తప్పితే ఈ డిస్కులు భీష్మించుకు కూర్చుంటాయి. కరెంటు తీసి మళ్లీ పెడితే తప్ప మాట వినవు. కరెంటు తీస్తే..."

మిగతాది చెప్పక్కర్లేకపోయింది. సర్వర్ పెట్టె ఐదో గూట్లోని డిస్క్ టిక్, టిక్ మంటూనే ఉంది. తిరుగుతోంది కాబట్టి తిరుగుతోంది. ఒకసారి ఆగిందంటే మళ్లీ లేస్తుందన్న నమ్మకం నాకు లేదు.

టైము పదకొండు దాటింది. మంచం వేస్తే నిండిపోయేంత గది. ఒక మూల ఇనుప బీరువా, అందులో సర్వర్. ఎదురుగోడకు అద్దం, అద్దం అవతల రికార్డింగ్ గది. అద్దం కింద కుర్చీలో లెక్కల మాస్టారు కూర్చుని ఉన్నాడు. మెడకు తెల్లటి కట్టు, ఒళ్లో చిన్న పలక. ఆయన పక్కన నిలబడి ఆయన భార్య చేతిసంచీని రెండు చేతులా నలుపుతోంది.

మూడు వారాల క్రితం మాస్టారి స్వరపేటిక తీసేశారు. ఇక ఆయన నోట మాట రాదు. అందుకే ఆపరేషన్‌కు ముందు నాలుగు రోజులు ఈ కేంద్రానికి వచ్చి, అద్దం అవతలి గదిలో కూర్చుని పన్నెండు వందల వాక్యాలు చదివాడు. ఇక్కడ చేసేది అదే. మాట పోబోయేవాళ్లు ముందే వచ్చి చదువుతారు. ఆ చదువులోంచి కంప్యూటరు వాళ్ల గొంతును తయారుచేస్తుంది. తర్వాత వాళ్లు ఏది టైపు చేస్తే అది ఆ గొంతుతోనే పలుకుతుంది. మాస్టారి గొంతు కూడా తయారై ఉంది. దాన్ని తీసుకుందామనే భార్యాభర్తలిద్దరూ ఇవాళ వచ్చారు. వాళ్లు వచ్చేసరికి సర్వర్ చచ్చి ఉంది. దాన్ని బాగుచెయ్యడానికి మేడమ్ నన్ను పిలిపించింది.

ఇంకో కాపీ లేదా అని నేనూ అడిగాను. లేదు. అది ఇక్కడి నియమం. ఒకరి గొంతు ఇంకొకరి చేతికి చిక్కితే ఆ గొంతుతో ఇంటికి ఫోన్ చేసి ఏమైనా చెప్పొచ్చు, ఎవరినైనా నమ్మించొచ్చు. అందుకని మనిషి వచ్చి, విని, సంతకం పెట్టేదాకా గొంతు ఒక్కచోటే ఉంటుంది. ఆ ఒక్కచోటు కూడా తాళం వేసుకునే డిస్కుల మీదే.

ఆ డిస్కులు ఆరు. ఆరింటినీ నడిపేది ఒక కంట్రోలర్ కార్డు. తాళంచెవి కూడా ఆ కార్డు జ్ఞాపకంలోనే ఉంటుంది. పొద్దున ఆ కార్డు కాలిపోయింది. నేను కొత్త కార్డు బిగించాను. డిస్కులు దాన్ని పరాయివాడిలా చూసి తలుపు మూసుకున్నాయి. తాళంచెవి మాటను మళ్లీ మనమే చెప్పాలి. మేడమ్ లాకర్లోంచి తెచ్చిన సీలు కవర్లో ఉన్నది ఆ మాటే అనుకున్నాం.

"ఒక డిస్క్ పోయినా ఫర్వాలేదన్నావుగా?" మాస్టారి భార్య మెల్లగా అడిగింది.

"ఫర్వాలేదు పిన్నిగారూ. ఒకటి పోతే మిగతా ఐదూ కలిసి దాని లెక్క కట్టి చెబుతాయి. కానీ ఆ పోయేది ఇదివరకే పోయింది." రెండో గూడు చూపించాను. అక్కడ దీపం లేదు. "ఇప్పుడు ఐదోది కూడా పోతే..."

మాస్టారు పలక మీద గబగబా రాసి నాకు చూపించాడు. 'ఒక సమీకరణం, తెలియని రాశి ఒకటైతే కట్టొచ్చు. రెండైతే సున్నా మార్కులు.'

"అంతే మాస్టారూ. ఇంతకంటే బాగా నేను చెప్పలేను."

"ఇరవై ఎనిమిదేళ్లు ఈ మనిషి నోరు మూయించలేక చచ్చాను," అంది ఆవిడ. "ఇప్పుడు ఆ నోటి కోసమే కనిపించిన ప్రతి మిషన్‌కీ దండం పెడుతున్నాను."

మేడమ్ చేతిలోని ఫోన్లో డిస్కుల కంపెనీ సహాయకుడు ఇంకా లైన్లోనే ఉన్నాడు. "మేడమ్, ఒక సులువైన దారి ఉంది. డిస్క్ మీద చీటీలో పొడుగు నంబరు ఉంటుంది. అది కొడితే తాళం పోతుంది."

మేడమ్ మొహం వెలిగింది. "విన్నావా?"

"విన్నాను. ఆ తర్వాత ఏమవుతుందో కూడా అడగండి."

ఆవిడ అడిగింది. అవతలివాడు గొంతు సవరించుకున్నాడు. "డిస్క్ కొత్తదైపోతుంది మేడమ్. లోపలిది ఉండదు."

"ఉండదంటే?"

"అంటే... ఉండదు మేడమ్."

మాస్టారి భార్య సంచీ నలపడం ఆపేసింది. మేడమ్ ఫోన్ పెట్టేసింది. ఆ క్షణంలో ఆవిడ మీద నాకు మొదటిసారి గౌరవం కలిగింది.

నేను మళ్లీ తెర చూశాను. తాళం వేసిన డిస్కులు తాళంచెవిని బయటపెట్టవు గానీ, వేసినవాడు గుర్తుకోసం రాసుకున్న చిన్న వాక్యాన్ని చూపిస్తాయి. పొద్దున్నుంచీ అది కళ్లముందే ఉంది. కంగారులో పట్టించుకోలేదు. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మాటలు: రెండు చేతులు కలిస్తేనే.

ఆ మాట ఎవరిదో నాకు తెలుసు. నాకు ఈ పని నేర్పింది ఆయనే. పదేళ్లు ఇక్కడ సర్వర్లు చూసి నెల క్రితం వెళ్లిపోయిన పాత ఇంజనీరు. కనిపించిన ప్రతిదానికీ తాళం వేస్తాడని అందరూ తాళాల తాత అంటారు. చివరికి టీ కప్పుల అలమరకు కూడా వేశాడు.

"మేడమ్, తాతకు ఫోన్ చేస్తాను."

"వద్దు. ఆ మనిషి వెళ్తూ వెళ్తూ కావాలనే ఇలా చేశాడని నా అనుమానం. పోట్లాడి వెళ్లాడు."

"పోట్లాట ఎందుకొచ్చింది?"

"తాళాలు తగ్గించమన్నాను. పని ముందుకెళ్లనివ్వడు ఆయన."

నేను అప్పటికే నంబరు నొక్కేశాను. రెండు రింగులకే ఎత్తాడు.

"ఏమే మనవరాలా! నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయి?"

"నెత్తి దాటాయి తాతా." స్పీకర్ పెట్టి, ఊపిరి తీసుకోకుండా అంతా చెప్పాను. కాలిన కార్డు, చచ్చిన రెండోది, టిక్‌మంటున్న ఐదోది, మిగిలిన ఒక్క అవకాశం.

"మేడమ్ దగ్గర కవరు ఒక్కటే విప్పారా?"

"ఒక్కటే కదా ఉంది?"

"ఒక్కటే ఎలా ఉంటుందే? రెండు చేతులు కలిస్తేనే కదా చప్పట్లు. తాళంమాట రెండు ముక్కలు. మొదటి సగం మేడమ్ దగ్గర, రెండో సగం సౌండు బాబాయ్ దగ్గర. వెళ్లే రోజు చెప్పానమ్మా మేడమ్. మీరు ఫోన్లో ఉన్నారు. 'సరే, సరే, వెళ్లండి' అన్నారు."

మేడమ్ పెదవి కొరుక్కుంది.

"నీకు గుర్తుందా తాతా, రెండో సగం?"

"గుర్తుండకూడదనే ఆ మాటను మిషన్ చేతే తయారుచేయించి అచ్చు వేయించాను. నేను చదవను కూడా చదవలేదు. ఇంతమంది గొంతులు ఒక్క మనిషి చేతిలో ఉండకూడదే. నా చేతిలో కూడా."

నేను తలుపు తీసి పిలిచాను. సౌండు బాబాయ్ రికార్డింగ్ గదిలోంచి పరుగున వచ్చాడు. ఇక్కడ రికార్డింగులు చేసేది ఆయనే. అరవై దాటిన మనిషి, మెడలో ఎప్పుడూ హెడ్‌ఫోన్స్.

"బాబాయ్, తాత నీకో కవరు ఇచ్చాడట. ఎక్కడుంది?"

"కవరా?" బాబాయ్ కళ్లు చికిలించాడు. "ఆ... ఇచ్చాడు. భద్రంగా పెట్టమన్నాడు. ఏవో ఫోటోలనుకున్నా."

"భద్రంగా పెట్టావా లేదా?"

"పెట్టాను తల్లీ! చాలా భద్రంగా పెట్టాను." ఎందుకో ఆయన గొంతు దిగిపోయింది. "ఈ బీరువా తలుపు ఫ్యాన్ గాలికి సన్నగా అదిరేది. మీకెవరికీ వినిపించదు, నాకు ప్రాణం పోయేది. అద్దం దాటి రికార్డింగులో పడేది. ఏదైనా దళసరి కాగితం ఉంటే..."

నేను అప్పటికే మోకాళ్ల మీద కూర్చున్నాను. బీరువా తలుపు అడుగున, కీలు సందులో, నాలుగు మడతలు వేసిన కవరు బిగుసుకుని ఉంది. సీలు చెక్కు చెదరలేదు. లాగగానే తలుపు ర్‌ర్‌ర్ మంది.

"చూశావా? వినిపించిందా?" అన్నాడు బాబాయ్.

"సిగ్గులేకపోతే సరి," అన్నాడు ఫోన్లోంచి తాత. "తాళంచెవిని తలుపు సందులో పెట్టిన మొనగాడివి నువ్వొక్కడివే రా."

"నువ్వు తాళంచెవి అని చెప్పావా? భద్రంగా అన్నావు. నెల రోజులు కదల్లేదు. ఇంతకంటే భద్రం ఎక్కడుంది?"

ఐదో డిస్క్ టిక్కుల మధ్య ఎడం తగ్గింది.

"తగువు తర్వాత," అన్నాను. "తాతా, ఎలా కొట్టాలి?"

"ముందు మేడమ్ తన సగం. వెంటనే బాబాయ్ తన సగం. మధ్యలో ఖాళీ లేదు. ఒకరు కొడుతుంటే రెండోవాళ్లు గోడవైపు తిరగండి. ప్రాణాల మీదికొచ్చినా సరే, తిరగాల్సిందే."

తిరిగారు. మేడమ్ కొడుతుంటే బాబాయ్ గోడను చూశాడు. బాబాయ్ కొడుతుంటే మేడమ్ గోడను చూసింది. మాస్టారు పలక ఎత్తాడు. 'కాపీ కొట్టరాదు.' ఆ పరిస్థితిలో కూడా ఆయన భార్యకు నవ్వొచ్చింది.

బాబాయ్ ఒక్కో అక్షరం రెండుసార్లు చూసుకుని కొట్టాడు. చివరి అక్షరం కొట్టి నావైపు చూశాడు. నేను ఎంటర్ నొక్కాను.

మూడు సెకన్లు ఏమీ లేదు. ఆ తర్వాత దీపాలు వరసగా పచ్చబడ్డాయి. ఒకటి, మూడు, నాలుగు, ఐదు, ఆరు.

తెర మీద కొత్త ప్రశ్న వచ్చింది. వేరే కార్డు పేర్చిన డిస్కుల గుంపు దొరికింది, దాన్ని ఉన్నదున్నట్టు తీసుకోవాలా, తుడిచెయ్యాలా? రెండు మాటలూ పక్కపక్కనే. తొందరలో వేలు జారి తుడిచేసినవాళ్లను నేను చూశాను. 'తీసుకో' మీద పెట్టి, రెండుసార్లు చదివి, అప్పుడు నొక్కాను. గుంపు లేచింది. కుంటుతూ లేచింది గానీ, లేచింది.

"ఇక చచ్చినదాని స్థానంలో కొత్తది పెట్టెయ్యి," అంది మేడమ్. "స్పేర్ తెప్పించాను."

"అది తాళం లేని రకం మేడమ్. తాళం ఉన్న గుంపులోకి కార్డు దాన్ని రానివ్వదు. రానిచ్చినా ఇప్పుడు పెట్టను. కొత్తదాన్ని నింపాలంటే ఐదింటినీ గంటల తరబడి పిండాలి. ఐదోది తట్టుకోదు. ముందు మాస్టారి గొంతు బయటికి తీద్దాం."

"తెలివిగలదానివే," అన్నాడు తాత. ఆ మాట కోసం నేను ఒకప్పుడు రెండేళ్లు ఎదురుచూశాను.

నా ల్యాప్‌టాప్‌లోకి కాపీ మొదలైంది. ముప్ఫై. యాభై. డెబ్భై నాలుగు. తొంభై మూడు దగ్గర ఆగింది. ఐదో డిస్క్ టిక్కు మాని కర్ర్ మని గీరింది. బాబాయ్ కళ్లు మూసుకుని ఆ శబ్దమే వింటున్నాడు.

"ఊపిరి ఉంది," అన్నాడు మెల్లగా. "తిరుగుతోంది. చదివిందే చదువుతోంది. కంగారుపడి దేన్నీ ముట్టుకోకు."

నేను చేతులు కట్టుకున్నాను. నలభై సెకన్లు. తొంభై నాలుగు. తొంభై తొమ్మిది. నూరు.

మాస్టారి భార్య నా తల మీద చెయ్యి పెట్టింది. ఆవిడ చెయ్యి తీసేదాకా నేను కదల్లేదు. ఆ క్షణంలో నేను తలుచుకున్నది తాతనే. ఎవరూ వినకపోయినా తాళంమాటను రెండు చేతుల్లో పెట్టి వెళ్లాడు. పోట్లాడి వెళ్తూ కూడా సక్రమంగానే వెళ్లాడు.

బీరువాలో వేరే చిన్న డిస్క్ ఒకటి ఉంది. దానికి తాళం లేదు. సర్వర్ తన దినచర్య రాసుకునేది దాని మీదే. ఐదోది ఎప్పట్నుంచి మూలుగుతోందో చూద్దామని ఆ దినచర్య తెరిచాను. కళ్లు ఒకచోట ఆగిపోయాయి.

"మేడమ్, రెండో డిస్క్ ఇవాళ పోలేదు. పోయి ఇరవై ఐదు రోజులైంది."

"ఇరవై ఐదు రోజులా? పోతే కార్డు మొత్తుకుంటుందన్నారుగా? బజర్ ఉందిగా?"

"మొత్తుకుంది. మంగళవారం మధ్యాహ్నం ఒంటిగంటా పదికి మొదలెట్టింది. ఒంటిగంటా ఇరవై రెండుకు ఎవరో బజర్‌ను ఆపేశారు. ఆ పూటకి కాదు, శాశ్వతంగా. రికార్డింగ్ గదిలోని కంప్యూటర్ నుంచి." తెర వాళ్లవైపు తిప్పాను. "ఆ బజర్ మోగుతూ ఉంటే ఆ రోజే డిస్క్ మార్చేవాళ్లం. ఇవాళ ఇంత గండం ఉండేది కాదు."

మాస్టారు పలక మీద ఏదో రాశాడు. వెంటనే అరచేత్తో చెరిపేశాడు.

"ఎవరు?" అంది మేడమ్. "బాబాయ్?"

"ఒంటిగంట నుంచి రెండు దాకా నేను భోజనానికి ఇంటికెళ్తాను. పదిహేనేళ్లుగా అంతే. కంప్యూటర్ తెరిచే వదిలేసి వెళ్తాను, అది నా తప్పే. కానీ బజర్ అనేది మోగినట్టే నాకు తెలీదు."

మేడమ్ తన ఫోన్లో తేదీ చూసింది. ఆవిడ మొహం బిగుసుకుంది. "ఆ మంగళవారం మధ్యాహ్నం ఇక్కడికి ఎవరొచ్చారో నాకు గుర్తుంది. గేటు తాళాలు అప్పగించడానికి ఈయనొచ్చారు." నా చేతిలోని ఫోన్ వైపు వేలు చూపించింది. "ఏం తాతగారూ? రాలేదా?"

"వచ్చానమ్మా. తాళాలు మీ బల్ల మీద పెట్టి వెళ్లిపోయాను. లోపలికి రాలేదు."

"కార్డు సంగతి, బజర్ సంగతి మీకు తప్ప ఇంకెవరికి తెలుసు?"

"పదేళ్లు కాపలా కాసిన ఇంటికి నిప్పు పెడతానా అమ్మా?" అన్నాడు తాత. వేళాకోళం ఆడే ఆ గొంతు అలా వినడం నాకు అదే మొదలు. "నువ్వేమంటావే మనవరాలా?"

"నువ్వు చెయ్యలేదు తాతా," అన్నాను.

"రుజువుందా?" అంది మేడమ్.

లేదు. దినచర్యలో కంప్యూటర్ ఉంది, టైము ఉంది, మనిషి లేడు. మేడమ్ వెంటనే ఫిర్యాదు రాస్తానని పెన్ను తీసింది. పెద్దాయన పదేళ్ల మంచిపేరు ఒక్క కాగితంతో పోయేలా ఉంది.

అప్పుడు నా మోచేతిని ఎవరో తట్టారు. మాస్టారు. కుర్చీలోంచి లేచి వచ్చి, గొంతు కాపీ చేసిన నా ల్యాప్‌టాప్ వైపు చూపించాడు. తర్వాత తన వైపు.

"ఇప్పుడేనా మాస్టారూ? కాస్త స్థిమితపడ్డాక..."

తల అడ్డంగా ఊపాడు. నేను ఆయన గొంతును తెరిచి, కీబోర్డు ఆయన ముందుకు జరిపాను. ఆయన రెండు వేళ్లతో కొట్టడం మొదలుపెట్టాడు. నెమ్మదిగా, పరీక్ష పేపరు దిద్దుతున్నట్టు. చాలాసేపు కొట్టాడు. తర్వాత బటన్ నొక్కాడు.

"ఏమోయ్," అంది ల్యాప్‌టాప్.

మాస్టారి భార్య గోడ పట్టుకుంది. కొంచెం బొంగురుగా, చివర్లో దీర్ఘం తీసే గొంతు. నేను అంతకుముందు ఎప్పుడూ వినలేదు, అయినా అది ఈ మనిషిదే అని ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

"ఆఁ," అంది ఆవిడ కళ్లు తుడుచుకుంటూ. "చెప్పండి."

గొంతు సాగింది.

"ముందు అందరికీ నమస్కారం. ఈ అమ్మాయి తొందరపడనందుకు. సౌండాయన చెవులకు. ఫోన్ పెట్టేసినందుకు మేడమ్‌కి. రెండు కవర్లు పెట్టి వెళ్లిన ఆ పెద్దాయన మొహం కూడా నాకు తెలియదు, ఈ గొంతు ఆయన పెట్టిన భిక్ష. అందుకే ఆయన్ని ఒక్క మాట అంటే నేను ఊరుకోలేను. ఆ మంగళవారం మధ్యాహ్నం నేను భోజనానికి వెళ్లలేదు. డాక్టరు ఇచ్చిన గడువు ఇంకా మూడు రోజులుంది, చదవాల్సిన వాక్యాలు తొమ్మిది వందలున్నాయి. లోపల ఒంటరిగా చదువుకుంటుంటే ఏదో కీచుమని మొదలైంది. ప్రతి వాక్యంలోనూ పడుతోంది. మిగిలిన నా మాటల్ని ఒక్కొక్కటే తినేస్తున్నట్టు అనిపించింది. లేచి వెళ్లి చూస్తే ఆ గదిలోని కంప్యూటర్ తెర మీద రెండు బటన్లు ఉన్నాయి. ఒకటి ఇప్పటికి ఆపు, రెండోది పూర్తిగా ఆపు. సగం జవాబుకు మార్కులు వెయ్యనివాణ్ణి కదా. అదేమిటో తెలుసుకోకుండా, ఎవరికీ చెప్పకుండా రెండోదే నొక్కాను."

మేడమ్ చేతిలోని పెన్ను కిందికి దిగింది. ఫోన్లో తాత ఊపిరి వినిపిస్తోంది.

"మీరా?" అంది భార్య. "పొద్దున్నుంచీ నోరు మూసుకుని కూర్చుంది ఇందుకా?"

మాస్టారు ఇంకో వాక్యం కొట్టి, లేచి నిలబడి బటన్ నొక్కాడు. ఈసారి గొంతు తరగతి గది చివరి బెంచీదాకా వినిపించేంత గట్టిగా వచ్చింది.

"ఇప్పుడు నోరొచ్చింది కాబట్టి నోటితోనే చెబుతున్నాను. తాతగారు కాదు, సౌండాయన కాదు. ఆ బజర్ ఆపిన దోషి లెక్కల మాస్టారు."